నింపని అర

ఐదుగురు పిల్లల సగటు మార్కులు ఆరువేల ఆరువందల పాయింటు ఆరు సున్నా వచ్చాయి, వందకు. ఇంత బాగా చదివే పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో తెలిస్తే మా అమ్మాయి నాగశ్రీని టెన్త్ మధ్యలోనే తీసుకుపోయి అక్కడ చేర్పిస్తాను. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు ఏమాత్రం సిగ్గు లేకుండా నా మొహంలోకి చూస్తున్నాయి. గోడ గడియారంలో రెండూ ఇరవై. మూడింటికి పరీక్ష అయిపోతుంది. ప్రశ్న కాగితంలో ఉన్నది ఒక్కటే ప్రోగ్రాం. ఐదుగురి మార్కులు తీసుకుని సగటు చెప్పాలి. 45, 62, 58, 71, 64 ఇస్తే అరవై రావాలని కిందనే అచ్చు వేశారు. అరవై అని నోటితో చెప్పమంటే ప్రశ్న పూర్తిగా చదవక ముందే చెప్పేదాన్ని, ఇరవై ఏళ్లు కొట్లో కూర్చున్నదాన్ని. కానీ నేను చెప్తే చాలదు, ఈ పెట్టె చెప్పాలి. ఇది చెప్పకపోతే మూడు తర్వాత ఈ గదిలో నాకు కుర్చీ ఉండదు.

బ్రిడ్జి కోర్సు అని పేరు దీనికి. డిగ్రీలో కంప్యూటర్ ముట్టకుండా నేరుగా ఎంసీఏలో చేరినవాళ్లకు నెల రోజులు ఓనమాలు దిద్దిస్తారు, చివర ఒక పరీక్ష పెడతారు. గట్టెక్కితే మొదటి సెమిస్టరు, లేకపోతే ఇంటికి. పోయిన శనివారం తొలి అవకాశం నేనే పాడుచేసుకున్నాను. గంటసేపు కూర్చుంటే తెర మీద ఎర్ర అక్షరాల తిట్లు తప్ప ఏమీ రాలేదు. ఒక వరుస చివర చుక్కా కామా కలిపి పెట్టే ఆ సెమీకోలన్ పెట్టలేదట. ఒక్క చుక్క కోసం ఇంత రాద్ధాంతం చేసే మనిషిని నేను మా అత్తగారిని తప్ప ఇంకెవరినీ చూడలేదు. ఇది రెండో అవకాశం, ఆఖరిది కూడా. మళ్లీ రన్ నొక్కాను. అవే ఐదు అంకెలు కొట్టాను, ఒక్కొక్కటి కొట్టి ఎంటర్, కొట్టి ఎంటర్. ఆరువేల ఆరువందలు, ఈసారి చివర సున్నా సున్నా. ఇంకోసారి నొక్కాను. ఆరువేల ఆరువందల పాయింటు రెండు సున్నా. అంటే తప్పు చెప్పడమే కాకుండా పూటకో తప్పు చెప్తోంది. అబద్ధం ఆడేవాడైనా ఒక మాట మీద నిలబడతాడు కదా!

పైన ఫ్యాన్ కిర్రుమంటోంది. అక్టోబరు వచ్చినా కడప ఎండకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. కిటికీ బయట తుమ్మ చెట్లు, బండరాళ్లు, వాటి వెనక తెల్లగా మాడిన ఆకాశం. లోపల మాత్రం అంతా ఇరవై, ఇరవై ఒకటి వయసు. కీబోర్డుల మీద వాళ్ల వేళ్లు రేకుల కప్పు మీద వాన పడ్డట్టు పడుతున్నాయి. నావి వెతుక్కుంటూ పోతాయి. ఎస్ యాడుందో, డీ యాడుందో మొదటి వారం నాగశ్రీయే చూపించింది. "అమ్మా, చూసి కొట్టొద్దు, చూడకుండా కొట్టు" అని నా వెనకాల నిలబడి కళ్లు మూసేది. చూడకుండా కొట్టడమేమిటో నాకు అర్థం కాలేదు, చూసి కొడితేనే తప్పులు పోతుంటే. మొదటి రోజు గేటు దగ్గర కూర్చున్న ఆయన నన్ను ఆపి, పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్లు అటు వైపు హాల్లో కూర్చోవాలని చెయ్యి చూపించాడు. నేను నోరు తెరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. పోయి ఆ హాల్లో పది నిమిషాలు కూర్చున్నాను, తల్లుల మధ్య, నలభై రెండేళ్ల బుద్ధిమంతురాలిలాగా. ఆ పది నిమిషాలు తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది. పక్కన కూర్చున్న ఒకామె మీ పాప ఏ గ్రూపు అని అడిగాక గానీ లేవలేదు. ఎంసీఏ, నేనే అన్నాను. ఆమె నవ్వలేదు, నా చీర కుచ్చెళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసింది, అంతే.

ఈ పొద్దున వేంపల్లెలో బస్సెక్కే ముందు మా అత్తగారు నాగరత్నమ్మ, నా టిఫిన్ డబ్బా మూత బిగిస్తూనే అడిగింది. "ఏమ్మే పద్మా, ఈ వయసులో ఆ కంప్యూటర్లు నేర్చుకోని ఎవురికి అన్నం పెట్టల్ల?" ఉద్యోగం వస్తుందా, ఎవరిస్తారు, ఎందుకిస్తారు, ఇవన్నీ నాకు తెలియవు. కానీ ఆమె మాట నన్ను ఏమీ చేయలేదు, ఆమె డబ్బా మాత్రం గట్టిగా బిగించింది, చారు ఒలకకుండా. నన్ను గుచ్చింది మా ఆయన మాట. రాఘవేంద్రప్రసాద్ గారు మంచి మనిషి, ఊరంతా ఒప్పుకుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. బస్సు కిటికీ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "పద్మా, ఊరికే టెన్షన్ పడొద్దు. పోతే పోనీ. కొట్టు యాడికీ పోదు, ఆడనే ఉండాది." ఎంత ప్రేమగా అన్నాడో! బస్సు కదిలి ఊరు దాటి చాలా దూరం పోయేదాకా ఆ ప్రేమను మింగలేక కూర్చున్నాను. పోతుందని ముందే నమ్మి, నేను పడే చోట పరుపు వేసి పెట్టుకున్నాడు. పడనివ్వకుండా ఒక్క మాట అనొచ్చు కదా. తెచ్చుకుని రా పో, అనొచ్చు కదా. ఆ మాట మా నాయన కూడా అనలేదు. ఇంటర్ అయ్యాక కర్నూల్లో బీఎస్సీ కంప్యూటర్స్ సీటు వచ్చింది నాకు, హాస్టల్లో ఉండాలి. కోయిలకుంట్లలో మా ధాన్యం కొట్టు ముందు అరుగు మీద కూర్చుని నాయన ఆ కాగితం రెండుసార్లు చదివి, "ఈ ఏడు ఆగుమ్మా, వచ్చే ఏడు పంపిస్తాం" అన్నాడు. ఆయన కూడా మంచివాడే. మంచివాళ్ల చేతుల్లో పడ్డ ఆడపిల్లకు పోట్లాడటానికి కూడా ఎవరూ దొరకరు. ఊళ్లోనే బీకాం, తర్వాత పెళ్లి, తర్వాత వేంపల్లె, ఒక కొట్టు గల్లా దగ్గర నుంచి లేచి ఇంకో కొట్టు గల్లా దగ్గర కూర్చున్నాను. ఆ కోపం ఇంకా పోలేదు. పోనివ్వను కూడా. దాని మీదే నడుస్తున్నాను ఈ నెల రోజులుగా.

రెండూ ముప్పై అయిదు. ముందు వరుసలో కుర్చీలు జరుగుతున్నాయి, అయిపోయినవాళ్లు లేస్తున్నారు. ఆరోసారి చదివాను నేను రాసిన ఐదు వరుసలు. కూడే భాగం, భాగించే భాగం ప్రశ్నలోనే ఇచ్చారు, అది వాళ్లు రాసింది, దాంట్లో తప్పుండదు. మేము రాయాల్సింది మార్కులు లోపలికి తీసుకునే భాగం ఒక్కటే. ఐదు అరల పెట్టె ఒకటి ఉంటుంది, ఒక్కో అరలో ఒక్కో పిల్లాడి మార్కు వేయాలి, అంతే. మా కొట్లో ఆవాలు, జీలకర్ర, మెంతుల పెట్టెలాంటిదే. ఐదు వరుసలు, ఐదు సెమీకోలన్లు, ఈసారి ఒక్కటి కూడా వదల్లేదు, వేలు పెట్టి లెక్కపెట్టాను. కంప్యూటర్ కూడా ఒక్క తిట్టు తిట్టలేదు, బుద్ధిగా తీసుకుంది, తీసుకుని ఈ ఆరువేలు చెప్తోంది. తిడితే బాగుండేది, ఎక్కడ తప్పో తెలిసేది. నవ్వుతూ తల ఊపి మోసం చేసే బేరగాళ్లను చూశాను గానీ యంత్రాన్ని చూడలేదు. రాకపోతే? రాకపోతే సాయంత్రం బస్సు దిగగానే ఆయన ఏమీ అడగడు, కాఫీ తెప్పిస్తాడు. ఆ కాఫీ నేను తాగలేను. రావాల్సిందే.

పక్క కుర్చీలో ఆరాధన, ప్రొద్దుటూరు పిల్ల, ఎప్పుడో ముగించి జడ చివర వేలికి చుట్టుకుంటోంది. మొదటి వారం నన్ను ఆంటీ అన్నది, రెండో వారం నా చింతకాయ తొక్కు తిన్నాక అక్కా అన్నది. ఇప్పుడు మానిటర్ను రెండు చేతులతో మెల్లగా నా వైపు తిప్పింది, అడుగున ప్లాస్టిక్ కీచుమంది. "అక్కా, చూడు బిరీన, సార్ అటు పోతాండాడు." కంటి కొసకు అందేంత దూరంలో ఉంది ఆ తెర. మెడ రెండు వేళ్ల మందం తిప్పితే చాలు. ఐదు వరుసలు, చూసి కొట్టడం నాకు బాగా వచ్చు కూడా. చూడనా? చూస్తే తప్పేమిటి, ఈ పిల్ల ప్రేమగానే చూపిస్తోంది కదా. అవును, మళ్లీ ప్రేమే. నా చుట్టూ ఉన్న వాళ్లలో నాకు చేటు కోరినవాడు ఒక్కడు కూడా లేడు, అదే నా కర్మ. కళ్లు మూసుకున్నాను. "తిప్పేయ్ ఆరాధనా, అటు తిప్పేయ్. నీది నీకే." "నీ ఇష్టం అక్కా, పోతాది సీటు" అంది, కోపంగా కాదు, భయంగా. తెర మళ్లీ కీచుమంది. నేను చూడలేదు. చూడలేదన్న గర్వం ఒక అర నిమిషం ఉంది, తర్వాత చూసి ఉంటే బాగుండేదన్న ఏడుపు ఒక అర నిమిషం ఉంది, ఆ నిమిషం కూడా గడియారంలోంచి పోయింది.

మాకు పాఠం చెప్పే కేశవ సార్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి అబ్బాయి, నాకన్నా పన్నెండేళ్లు చిన్న, నన్ను అక్కా అంటాడు, నేను సార్ అంటాను, ఇద్దరికీ అదే బాగుంది. తెర చూశాడు, ఆరువేల ఆరువందలు చూశాడు, నా మొహం చూశాడు. గొంతు తగ్గించాడు. "అక్కా, పన్నెండు నిమిషాలు ఉండాయి. నువ్వు శానా దగ్గరికి వచ్చినావు, యాడో చిన్నది పోయినాది, అంతే. ఈ వయసులో ఇంత దూరం బస్సెక్కి వస్తాండావు. పాస్ అని సంతకం పెట్టేస్తా, పో. తర్వాత నేర్చుకుందువులే." పెన్ను మూత తీశాడు. నా బల్ల మీద నా జవాబు కాగితం, కింద మూలన గీత, సంతకం అక్కడ. పెన్ను దాని మీదికి వంగింది. నా చెయ్యి నాకు చెప్పకుండానే పోయి ఆ గీత మీద పడింది, అరచేయి మొత్తం, గాజులు బల్లకు తగిలి గట్టిగా మోగాయి. నలుగురు వెనక్కి తిరిగి చూశారు.

"వద్దు సార్. ఇప్పుడే పెట్టొద్దు."

"అక్కా, టైము..."

"పన్నెండు నిమిషాలు ఉండాయన్నారు కదా సార్. అవి నావి."

ఏమన్నానో నాకే వినపడింది, సార్‌తో అనాల్సిన మాట కాదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, కోపం వచ్చిందో లేదో చూడలేదు, చూసే తీరిక లేదు. ఉండు పద్మా, ఉండు. కొట్లో అయితే ఏం చేస్తావు? అదే సరుకు కాంటా మీద మూడుసార్లు పెడితే మూడు తూకాలు వస్తే ఏం చేస్తావు? సరుకును అనుమానించవు. సరుకు దించి ఖాళీ పళ్లెం చూస్తావు. పళ్లెం అడుగున బెల్లం ముక్క అంటుకుందేమో, ఉప్పు తడి చేరిందేమో. నువ్వు పెట్టనిది ఏదో అక్కడ ఉంది, అది తూగుతోంది. నువ్వు పెట్టనిది. మూడో రోజు కేశవ సార్ చెప్పాడు కదా, మీరు ఏమీ వేయని అర ఖాళీగా ఉంటుందనుకోవద్దు, అంతకు ముందు ఎవరిదో మిగిలిపోయిన చెత్త అంకె దాంట్లో ఉంటుందని. ఎవరిదో చెత్త. పూటకొకటి మారే చెత్త. అయితే నేను నింపని అర ఒకటి ఉంది. ఐదు మార్కులూ వేశాను కదా, ఇంకా నింపనిది ఎట్లా మిగిలింది? కాగితం వెనక్కి తిప్పి ఐదు అరలు గీశాను, గీతలు వంకర పోయాయి, పోనీ. వాళ్లు రాసిన కూడే భాగంలో సున్నా నుంచి నాలుగు దాకా అని ఉంది. అరల మీద సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాశాను. ఇప్పుడు నా వరుసలు చూస్తూ ఒక్కో అరలో చుక్క పెట్టాలి. మొదటి వరుస, సున్నా అర, చుక్క. నోట్లోంచి మాట కూడా వచ్చింది, మెల్లగా, అలవాటు కొద్దీ. లాభం.

లాభం అన్నాను. కోయిలకుంట్ల కొట్లో మా జేజినాయన, అంటే తాత పెద్దసుబ్బయ్య, పడి గిన్నెతో జొన్నలు కొలిచేటప్పుడు మొదటి పడిని ఎప్పుడూ ఒకటి అనలేదు. ఒకటి అనకూడదు, మొదటిది లాభం. నేను ఎనిమిదేళ్ల పిల్లగా సంచి మూతి పట్టుకుని ఆయన ముందు కూర్చుంటే, గలగలా జొన్నలు పడి లాభం, గలగలా పడి రెండు, మూడు, నాలుగు. ఒకసారి నేను బళ్లో నేర్చుకున్న తెలివితో ఒకటీ అని అరిస్తే నెత్తిన చిన్న మొట్టికాయ పడింది. వేంపల్లెలో కాంటా వచ్చాక కూడా విత్తనం శెనక్కాయలు పడితోనే కావాలనే రైతులకు నేను అట్లాగే కొలిచాను, ఇరవై ఏళ్లు, లాభం, రెండు, మూడు. మొదటి అరను ఒకటి అనరు సున్నా అంటారు అని కేశవ సార్ చెప్పినప్పుడు క్లాసంతా గొణిగింది, ఎందుకు సార్, ఏమిది సార్ అని. నేనొక్కదాన్నే తల ఊపాను, నాకు తెలిసిన సంగతే కదా అని మురిసిపోయాను, మొదటిదానికి వేరే పేరు ఉంటుంది, ఆ తర్వాత రెండు. రెండు! వేలు కిందికి జరిపాను. నా రెండో వరుసలో రెండో నంబరు అర. మూడో వరుసలో మూడు. తర్వాత నాలుగు. తర్వాత ఐదు. ఐదో నంబరు అర పెట్టెలో లేనే లేదు. ఒకటో నంబరు అర గీసిన కాగితం మీద నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది, దాంట్లో ఎవరిదో ముప్పై వేల చెత్త కూర్చుని ఉంది, ఆఖరి పిల్లాడి అరవై నాలుగు మార్కులు పెట్టె బయట నేల పాలయ్యాయి. ఆరుసార్లు చదివినా కంటికి ఎందుకు ఆనుతుంది, నా కంటికి ఆ వరుస ఎన్నడూ తప్పని వరుస. నవ్వొచ్చింది. పరీక్ష గదిలో ఒక్కదాన్నే, చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వాను. ఈ తప్పు ఈ గదిలో ఇంకెవరికీ చేతకాదు. చేయాలంటే ఇరవై ఏళ్లు పడి పట్టాలి.

రెండూ యాభై ఐదు. రెండును తుడిచి ఒకటి. మూడును తుడిచి రెండు. తొందరలో వేలు పక్క మీట మీద పడింది, మళ్లీ తుడిచాను. నాలుగును మూడు, ఐదును నాలుగు. సెమీకోలన్లు ఉన్నాయా, ఉన్నాయి. రన్. నలభై ఐదు, ఎంటర్. అరవై రెండు. యాభై ఎనిమిది. డెబ్బై ఒకటి. అరవై నాలుగు అని కొట్టి ఎంటర్ మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగాను. మా ఆయన, మా నాయన, ఆ హాల్లో తల్లులు, అందరూ నా వెనకాల నిలబడ్డట్టు అనిపించింది, ఉండండి, తర్వాత మాట్లాడుకుందాం. నొక్కాను. అరవై పాయింటు సున్నా సున్నా. మళ్లీ నొక్కాను. అరవై. మూడోసారి కూడా. అదే మాట, మారలేదు.

కేశవ సార్ ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నాడో తెలియదు. "ఏం పోయినాదక్కా?" అన్నాడు. చెప్పాలా, కొట్టు అలవాటు అంటే ఈ పిల్లలు నవ్వుతారేమో అని ఒక్క రవ్వ జంకాను. ఎందుకు జంకాలి, తప్పు నాది, పట్టుకున్నదీ నేనే. "మా కొలతల్లో మొదటిదాన్ని ఒకటి అనం సార్, లాభం అంటాం. దాని తర్వాత రెండు. మీ మొదటిది సున్నా అన్నారు కదా, నేను సున్నా తర్వాత రెండుకు పోయినా. ఒకటో అర నింపలేదు." ఆయన కాగితం వెనక నా వంకర అరలు చూశాడు, తెర చూశాడు. నవ్వాడు, కానీ ఎగతాళిగా కాదు. "నేను కూర్చోని చూసింటే ఇది కనుక్కునేవాణ్ని అక్కా. నీకు చెప్పేసేవాణ్ని. అప్పుడు ఇది నీకు వచ్చేది కాదు." పెన్ను తీశాడు. నేను చెయ్యి తీశాను. సంతకం చేసి, బీరువాలోంచి మొదటి సెమిస్టరు హాజరు పట్టీ తెచ్చి నా ముందు పెట్టాడు, పాసైనవాళ్లు ఎవరి పేరు వాళ్లే రాయాలి. నలభై పేర్లు ఉన్నాయి, అన్నీ నేను పెళ్లయి కొట్లో కూర్చున్న రోజుల్లో పుట్టిన పిల్లల పేర్లు. నలభై ఒకటో గీత నాది. కళ్లలో నీళ్లు తిరిగి గీత రెండుగా కనిపించింది. తుడుచుకుంటే ఆలస్యం అవుతుందని తుడుచుకోకుండానే, విద్యార్థి పేరు అన్న చోట, పద్మప్రియ అని రాశాను.